మా బిజినెస్ సైట్‌కి జనం వస్తున్నారు గానీ ఏమీ చెయ్యకుండానే పోతున్నారు, ఇంటరాక్టివ్‌గా చెయ్యాలంటే ఏం పెట్టాలి?

ఇన్వర్టర్‌వాలా

అందరికీ నమస్తే. మాది ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మి, ఇంటికెళ్ళి బిగించి, తర్వాత సర్వీసు కూడా చేసే బిజినెస్. సైట్ ఉంది, వర్డ్‌ప్రెస్‌లో చేయించాం, హోమ్, మా గురించి, ప్రొడక్ట్స్, కాంటాక్ట్, ఇవే పేజీలు. చూడ్డానికి నీట్‌గానే ఉంటుంది గానీ గోడకంటించిన పోస్టర్‌తో సమానం, వచ్చినోళ్ళు చదవడం తప్ప అక్కడ చెయ్యడానికి ఏమీ లేదు. అనలిటిక్స్‌లో చూస్తే వస్తున్నారు, ఒక పేజీ చూస్తున్నారు, పోతున్నారు. కాంటాక్ట్ ఫామ్ నింపేది ఎవరయ్యా అంటే ఎక్కువగా స్పామ్‌గాళ్ళే.

సైట్ చేసిన అబ్బాయిని అడిగితే పెద్ద లిస్టే ఇచ్చాడు. చాట్‌బాట్ అన్నాడు, హోమ్ పేజీలో వాటంతటవే తిరిగే స్లైడర్ అన్నాడు, రాగానే డిస్కౌంట్ పాపప్, చక్రం తిప్పితే గిఫ్ట్ వచ్చే గేమ్, నోటిఫికేషన్లు, స్క్రోల్ చేస్తుంటే బొమ్మలు పక్కనుంచి ఎగురుకుంటూ వచ్చే యానిమేషన్... అన్నీ కలిపి ఒక ప్యాకేజీ అంట. నాకేమో ఇవన్నీ పెడితే సైట్ బరువైపోతుందేమో అని భయం, మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు. ఇందులో నిజంగా పనికొచ్చేది ఏది, వేస్ట్ ఏది, కొంచెం అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

సెమీకోలన్

ఆ లిస్ట్ కాసేపు పక్కన పెట్టేయండి అన్నా. ఒకటి చెప్పండి, మీ ఫోన్‌కి రోజూ కాల్స్ వస్తాయి కదా, చేసినోళ్ళు మొట్టమొదట ఏమడుగుతారు? మీరు అనుకునేది కాదు, నిజంగా వాళ్ళ నోట్లోంచి వచ్చే మాట. ఫోన్ ఎత్తేది ఎవరైతే వాళ్ళని అడిగి రాయండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

---

ఇన్వర్టర్‌వాలా

ఫోన్ ఎత్తేది మా తమ్ముడు, వాడినే అడిగా. ఎక్కువగా వచ్చేవి ఇవంట:

"మూడు ఫ్యాన్లు, ఆరు లైట్లు ఉన్నాయి, ఎంత ఇన్వర్టర్ కావాలి, కరెంట్ పోతే ఎంతసేపు వస్తుంది?" ఇదే నంబర్ వన్, సగం కాల్స్ ఇవే అంటున్నాడు. తర్వాత "పాత బ్యాటరీ ఉంది, కొత్త ఇన్వర్టర్‌కి అదే పెట్టుకోవచ్చా", "ఇన్వర్టర్ బీప్ బీప్ అంటోంది, ఏం చెయ్యాలి", "సర్వీస్ వాళ్ళు ఎప్పుడొస్తారు". రేటు అడిగేవాళ్ళు ఉంటారు అనుకోండి, కానీ రేటు కూడా మొదటి ప్రశ్న తేలాకే చెప్పగలం.

---

సెమీకోలన్

చూశారా, మీకు కావాల్సిన లిస్ట్ మీ తమ్ముడి దగ్గరే ఉంది, ఆ డెవలపర్ దగ్గర కాదు.

ఇంటరాక్టివ్ అంటే సైట్‌లో ఏదో ఒకటి కదులుతూ ఉండటం అని చాలామంది అనుకుంటారు, వచ్చినోడు ఏదన్నా ఇస్తే దానికి సైట్ తిరిగి జవాబు ఇవ్వడం అసలు సంగతి. స్లైడర్ తిరుగుతోంది, బాగానే ఉంది, కానీ చూసేవాడి ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు ఉన్నాయో దానికి తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. కాబట్టి మీరు మొదట చెయ్యాల్సింది ఒక లోడ్ కాలిక్యులేటర్. హోమ్ పేజీలో పైనే, ఫోన్‌లో తెరవగానే కనపడేట్టు.

లెక్క కష్టమేం కాదు, ఇది మీకే నాకంటే బాగా తెలుసు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, మూడు ఫ్యాన్లకి 225. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు, ఆరింటికి 54. వైఫై రౌటర్ ఒక 10. మొత్తం 289 వాట్లు. ఇన్వర్టర్ సైజు చెప్పేది వీఏలో, వాట్లని వీఏలోకి మార్చే నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్, అది 0.8 వేసుకుంటే 289ని 0.8తో భాగిస్తే 361 వీఏ, కొంచెం మార్జిన్ వదిలి పైనున్న మోడల్ చూపించాలి. బ్యాటరీ 12 వోల్టులది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ కొలత) అనుకోండి, 12 ఇంటూ 150 అంటే 1800 వాట్ అవర్స్, లాసులు పోగా 80 శాతం లెక్కేస్తే 1440, దాన్ని 289తో భాగిస్తే 5 గంటలకి ఒక్క పిసరు తక్కువ. ఇంతే. దీనికి సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ అక్కర్లేదు, చిన్న జావాస్క్రిప్ట్ ముక్క, బ్రౌజర్‌లోనే అయిపోతుంది.

స్క్రీన్ మీద ఎలా ఉండాలంటే, ఫ్యాన్ అని రాసి పక్కన మైనస్, అంకె, ప్లస్. లైట్లు, టీవీ, రౌటర్ అన్నీ అలాగే. ప్లస్ నొక్కిన ప్రతిసారీ కింద జవాబు అప్పటికప్పుడు మారిపోవాలి, "లెక్కించు" అని వేరే బటన్ పెట్టి ఇంకో పేజీకి పంపొద్దు. ఆ నొక్కడం, మారడం, మళ్ళీ ఒకటి తగ్గించి చూడటం, దీనిలోనే జనం ఆగిపోతారు. టీవీ తీసేస్తే ఇంకో గంట వస్తుందా అని వాళ్ళే ఆడుకుంటారు. మొదటే ఖాళీగా సున్నాలు కాకుండా ఎక్కువమంది ఇళ్ళల్లో ఉండే లెక్క ముందే నింపి ఉంచండి, ఖాళీ ఫామ్ చూస్తే ఎవరికైనా బద్ధకమే.

---

వోల్ట్‌మీటర్

పైన లెక్క కాగితం మీద కరెక్టే గానీ దాన్నే సైట్‌లో పెడితే రేపు కస్టమర్ వచ్చి మీద పడతాడు. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసేది సాధారణంగా సీ20 రేటింగ్, అంటే 20 గంటల పాటు నెమ్మదిగా 7.5 ఆంప్స్ చొప్పున తీస్తే ఆ కెపాసిటీ వస్తుందని. 289 వాట్ల లోడ్‌కి ఇన్వర్టర్ లాసులు కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి 28 ఆంప్స్ దాకా లాగుతుంది, అంత స్పీడ్‌గా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి 150 ఇవ్వదు. పైగా బ్యాటరీ పాతబడేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి "5 గంటలు" అని ఒక్క అంకె చూపించకండి, "సుమారు మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు, బ్యాటరీ వయసుని బట్టి" అని చూపించండి. తక్కువ చెప్పి ఎక్కువ వస్తే ఎవడూ గొడవ పెట్టడు.

ఇంకోటి, ఫ్యాన్ మామూలుదా బీఎల్‌డీసీదా (తక్కువ కరెంట్ తీసుకునే మోటారు ఉన్నదా) అని తప్పకుండా అడగాలి. బీఎల్‌డీసీ అయితే 30 వాట్ల దగ్గర ఉంటుంది, అదే మూడు ఫ్యాన్లకి 225 బదులు 90, మొత్తం లోడ్ 154కి పడిపోతుంది, బ్యాకప్ కాగితం మీద ఇంచుమించు డబుల్. ఆ ఒక్క టిక్ మార్క్ పెట్టి అంకె ఎంత మారుతుందో చూపిస్తే మీ సేల్స్‌మన్ చెప్పాల్సిన సగం మాటలు సైటే చెప్పేస్తుంది.

ఫ్రిజ్, నీళ్ళ మోటారు లాంటివి ఎవరైనా యాడ్ చేస్తే మాత్రం లెక్క చూపించొద్దు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే కరెంట్‌కి కొన్ని రెట్లు లాగుతుంది, వాట్లు కూడితే సరిపోదు. అక్కడ "దీనికి మీ మోడల్ చూసి చెప్పాలి, మాతో మాట్లాడండి" అని నంబర్ ఇచ్చేయండి.

---

లీడ్‌మాస్టర్

అందరూ ఫ్రీగా జవాబు ఇచ్చేయమంటున్నారు, మరి బిజినెస్‌కి ఏం మిగులుతుంది బ్రో? కాలిక్యులేటర్ పెట్టండి, ఓకే, కానీ రిజల్ట్ చూపించే ముందు పేరు, ఫోన్ నంబర్ అడగండి. నంబర్ ఇస్తేనే రిజల్ట్. లేకపోతే వాడు మీ దగ్గర లెక్క చూసుకుని పక్క షాపులో కొనుక్కుంటాడు. అలాగే చాట్‌బాట్‌ని తీసిపారెయ్యకండి, రాత్రి పదకొండింటికి వచ్చే విజిటర్‌కి మీ తమ్ముడు ఫోన్ ఎత్తడు కదా.

---

సెమీకోలన్

నంబర్ ఇస్తేనే రిజల్ట్ అంటే ఏమవుద్దో చెప్తా. మనిషి ఓపిగ్గా ఫ్యాన్లు, లైట్లు అన్నీ నింపుతాడు, చివర్లో గేటు పడుతుంది, అప్పుడు రెండే జరుగుతాయి, వెనక్కి పోతాడు, లేదా 9 పక్కన తొమ్మిది సున్నాలు కొట్టి లోపలికొస్తాడు. ఆ నంబర్‌తో మీరేం చేసుకుంటారు? మోసపోయాననే ఫీలింగ్ ఒకటి ఎక్స్‌ట్రా.

దానికి బదులు ఇలా చెయ్యండి. రిజల్ట్ మొత్తం ఓపెన్‌గా చూపించి, దాని కిందే ఒక బటన్, "ఈ లెక్క వాట్సాప్‌లో పంపండి, సరిపోయే మోడల్స్, రేట్లు చెప్తాం". వాట్సాప్ వాళ్ళదే ఒక లింక్ ఉంటుంది, డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ పెట్టి మీ నంబర్, దాని వెనక టెక్స్ట్ అని పెట్టి మెసేజ్ కూడా ముందే రాసి ఉంచొచ్చు. విజిటర్ బటన్ నొక్కగానే వాళ్ళ వాట్సాప్ తెరుచుకుని "3 ఫ్యాన్లు, 6 లైట్లు, 1 రౌటర్, మొత్తం 289 వాట్లు, వివరాలు కావాలి" అని టైప్ అయి రెడీగా ఉంటుంది, సెండ్ కొట్టడమే. పంపింది వాళ్ళే కాబట్టి నిజమైన నంబర్ దానంతటదే మీకు వస్తుంది, ఫామ్ లేదు, క్యాప్చా లేదు, స్పామ్ కూడా బాగా తగ్గుద్ది. మీ తమ్ముడికి కూడా హాయి, మొదటి ప్రశ్న అడక్కుండానే జవాబు చేతిలో ఉంటుంది.

పక్క షాపులో కొంటాడు అనే భయం గురించి... కొనేవాడు కొంటాడు అన్నా, లెక్క దాచిపెడితే ఆగడు.

---

పాతకాపు

చాట్‌బాట్ టాపిక్ వచ్చింది కాబట్టి. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక తీర్పు వచ్చింది, ఎయిర్ కెనడా సైట్‌లో ఉన్న చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ డిస్కౌంట్ రూల్ తప్పుగా చెప్పింది, ఆయన ఆ మాట నమ్మి టికెట్ కొన్నాడు, తర్వాత కంపెనీ కుదరదంది. బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్‌కి వెళ్తే, బాట్ చెప్పినదానికి బాటే బాధ్యత అన్నట్టు కంపెనీ వాదించింది, ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, మీ సైట్‌లో ఉన్నదానికి మీదే బాధ్యత అని డబ్బు కట్టించింది. ఇప్పుడు మీ బాట్ ఎవరికో "ఈ బ్యాటరీకి వారంటీ అయిదేళ్ళు" అని సొంత తెలివితో చెప్పిందనుకోండి. వారంటీ ఉన్న వస్తువులు అమ్మేవాళ్ళు ఆలోచించుకోవాల్సిన విషయం.

రాత్రి వచ్చే విజిటర్ గురించి లీడ్‌మాస్టర్ అన్నది కరెక్టే, కానీ దానికి "ఉదయం 9 నుంచి రాత్రి 8 దాకా జవాబిస్తాం, ఇప్పుడు మెసేజ్ పెడితే పొద్దున్నే చూస్తాం" అని ఒక్క లైను చాలు. ఎవరూ లేకుండా "హాయ్, నేను మీకు ఎలా సహాయపడగలను" అని మూల నుంచి తొంగిచూసే డబ్బా కన్నా అది చాలా మర్యాదగా ఉంటుంది.

ఆ డెవలపర్ లిస్ట్‌లో మిగతావి:

రాగానే వచ్చే పాపప్, వద్దు. ఫోన్‌లో వెతుక్కుని వచ్చినవాడి ముందు అసలు విషయాన్ని కప్పేసే పాపప్‌లు పెట్టే పేజీలని 2017 జనవరి నుంచే గూగుల్ సెర్చ్‌లో వెనక్కి తోస్తామని చెప్పింది.

నోటిఫికేషన్లు, అసలే వద్దు. పేజీ తెరవగానే "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగే సైట్లతో జనం ఎంత విసిగిపోయారంటే, 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 72వ వెర్షన్ నుంచి యూజర్ పేజీలో ఏదన్నా నొక్కితే తప్ప ఆ ప్రశ్న పైకి రాకుండా చేసేశారు. అయినా ఇన్వర్టర్ ఏళ్ళకోసారి కొంటారు, దానికి రోజూ నోటిఫికేషన్ ఏం పంపుతారండీ.

తిరిగే స్లైడర్, 2013లో అమెరికాలో నోటర్ డామ్ యూనివర్సిటీ సైట్ అంకెలు బయటపెట్టారు, స్లైడర్ మీద క్లిక్ చేసినవాళ్ళు దాదాపు 1 శాతం, అందులోనూ ఎక్కువమంది మొదటి స్లైడ్ మీదే. అంటే రెండో స్లైడ్ నుంచి మీరు పెట్టేదంతా మీరు మీకోసం పెట్టుకున్నట్టే.

గిఫ్ట్ చక్రం గురించి ఏం చెప్పను, బ్యాటరీ కొనడానికొచ్చినవాడు చక్రం తిప్పుతాడా.

---

లీడ్‌మాస్టర్

వాట్సాప్ బటన్ ఐడియా బాగుంది, అది ఒప్పుకుంటా. చాట్‌బాట్ మీద మాత్రం మీరు కొంచెం అతి చేస్తున్నారు. అన్ని బాట్‌లూ సొంత తెలివితో మాట్లాడవు, ముందే రాసిన బటన్లతో నడిచేవి కూడా ఉంటాయి. "బీప్ వస్తోంది" నొక్కితే "ఏ లైట్ వెలుగుతోంది" అని అడిగి, దాన్ని బట్టి జవాబు. అది తప్పు చెప్పదు కదా, మీరు రాసిందే చెప్తుంది.

---

సెమీకోలన్

అవును, దానికి నేనూ ఓకే. కానీ దాన్ని చాట్ డబ్బాలో పెట్టాల్సిన పనేముంది, పేజీలోనే పెట్టండి. "ఇన్వర్టర్ సమస్యా?" అని ఒక పేజీ, పెద్ద పెద్ద బటన్లతో. బీప్ వస్తోంది, బ్యాకప్ తగ్గిపోయింది, అసలు ఆన్ అవ్వట్లేదు, ఛార్జ్ ఎక్కట్లేదు. బీప్ నొక్కితే ఓవర్‌లోడ్ లైటా, బ్యాటరీ లో లైటా అని అడగాలి. ఓవర్‌లోడ్ అయితే "బరువైనవి ఆపేసి రీసెట్ నొక్కి చూడండి". రెండు మూడు ప్రశ్నల్లో తేలకపోతే "సర్వీస్ బుక్ చేసుకోండి" అని వస్తుంది, అప్పటిదాకా నొక్కినవన్నీ ఆ మెసేజ్‌లో కలిసి వెళ్ళాలి, మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకోకూడదు.

---

వోల్ట్‌మీటర్

ఆ సమస్యల పేజీలో ఒక జాగ్రత్త. కాలిన వాసన, బ్యాటరీ ఉబ్బడం, బాగా వేడెక్కడం, యాసిడ్ కారడం, ఇవి ఎవరైనా నొక్కితే ఇంకో ప్రశ్న అడగొద్దు, నేరుగా "వెంటనే స్విచ్ ఆఫ్ చేసి దూరంగా ఉండండి, మాకు కాల్ చెయ్యండి" అని ఎర్రగా పెద్దగా రావాలి, నొక్కితే కాల్ వెళ్ళే బటన్‌తో. ఇంట్లోవాళ్ళని ఇన్వర్టర్ మూత తీయమని మాత్రం పొరపాటున కూడా రాయకండి, డిస్టిల్డ్ వాటర్ లెవెల్ ఇండికేటర్ చూడమనడం వరకే.

---

అక్షరమాల

అందరూ ఏం పెట్టాలో చెప్పారు, ఎలా పనిచెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నేను చేసేది ఫ్రంటెండ్ పని, అంటే యూజర్‌కి కనపడే భాగం తయారుచెయ్యడం, ఈ చిన్న చిన్నవాటి దగ్గరే ఇంటరాక్టివ్ సైట్లు చచ్చిపోతాయి.

నొక్కగానే స్పందన రావాలి. సెకనులో పదో వంతు లోపల మారితే తానే చేసినట్టు అనిపిస్తుంది, 1 సెకను దాటితే ఆలోచన తెగిపోతుంది, 10 సెకన్లు దాటితే మనిషి వేరే పనిలో పడతాడు, ఈ లెక్క యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో రాసింది, ఇప్పటికీ అంతే. గూగుల్ కూడా 2024 మార్చి 12 నుంచి ఐఎన్‌పీ అనే కొలతని కోర్ వెబ్ వైటల్స్‌లో (సైట్ వాడేవాళ్ళకి ఎంత బాగా నడుస్తోందో చూసే గూగుల్ కొలతల్లో) పెట్టింది, నొక్కిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద మార్పు కనపడేదాకా 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిది అని. మీ కాలిక్యులేటర్ దానంతటది తేలికే, చిక్కు అంతా పక్కన వచ్చి కూర్చునే చాట్ విడ్జెట్లు, ట్రాకింగ్ స్క్రిప్టులు, యానిమేషన్ ప్లగిన్‌లతోనే. తక్కువ ఖరీదు ఫోన్‌లో ప్లస్ నొక్కితే అర సెకను ఏమీ అవ్వదు, మళ్ళీ నొక్కుతారు, రెండు ఫ్యాన్లు పెరిగిపోతాయి. మీ దగ్గరున్న మంచి ఫోన్‌లో కాకుండా ఇంట్లో ఎవరిదన్నా పాత ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి చూడండి.

బటన్లు పెద్దగా ఉండాలి. వైకల్యం ఉన్నవాళ్ళు కూడా వాడగలిగేట్టు సైట్లు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం ప్రకారం కనీసం 24 ఇంటూ 24 పిక్సెల్స్, నన్నడిగితే అది కూడా వేలికి చిన్నదే, 44 పెట్టండి. మైనస్, ప్లస్ రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండకూడదు. అంకె టైప్ చేసే డబ్బా ఏదన్నా ఉంటే ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని పెడితే ఫోన్‌లో నేరుగా అంకెల కీబోర్డే వస్తుంది, ఇంత చిన్న పని కూడా చాలా సైట్లలో చెయ్యరు. పేరు, ఫోన్ నంబర్ డబ్బాలకి ఆటోకంప్లీట్ పెట్టండి, ఫోన్‌లో ముందే దాచుకున్నవి బ్రౌజరే నింపుతుంది. లేబుల్ డబ్బా బయట ఉండాలి, డబ్బా లోపల బూడిద రంగులో రాసేసి, టైప్ చెయ్యగానే అది మాయమయ్యే పద్ధతి వద్దు.

రిజల్ట్ మారినప్పుడు చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడర్ కూడా దాన్ని చదవాలి. హెచ్‌టీఎంఎల్‌లో అవుట్‌పుట్ అనే ట్యాగ్ ఉంది, జవాబు అందులో పెడితే మార్పుని రీడర్ చదువుతుంది. జవాబు వచ్చినప్పుడు కింద పేజీ అంతా ఎగిరిపడకుండా దాని జాగా ముందే వదిలి ఉంచండి, లేకపోతే ఒకటి నొక్కబోతే ఇంకోటి నొక్కుకుంటుంది.

ఎక్కువగా అడిగే ప్రశ్నలకి డీటెయిల్స్, సమ్మరీ అని రెండు ట్యాగులున్నాయి, ప్రశ్న నొక్కితే జవాబు తెరుచుకుంటుంది, దీనికి జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా అక్కర్లేదు. దీనికోసం ప్లగిన్ అమ్మేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఇన్‌స్టాలేషన్ వీడియోలు పెట్టాలనుకుంటే యూట్యూబ్ ప్లేయర్ నేరుగా అతికించకుండా ఒక బొమ్మ పెట్టి, నొక్కాకే ప్లేయర్ లోడ్ అయ్యేట్టు చెయ్యండి.

ఎగిరే యానిమేషన్లు తప్పదనుకుంటే కనీసం ఫోన్ సెట్టింగ్స్‌లో కదలికలు తగ్గించమని పెట్టుకున్నవాళ్ళకి అవి ఆగిపోయేట్టు చూడండి, కొంతమందికి వాటితో నిజంగానే కళ్ళు తిరుగుతాయి.

---

ఇన్వర్టర్‌వాలా

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. డెవలపర్‌తో మాట్లాడా, ప్యాకేజీ వద్దని చెప్పా, కొంచెం మొహం మాడ్చుకున్నాడు గానీ కాలిక్యులేటర్ చేస్తానన్నాడు. నాకు ఇంకో మూడు డౌట్లున్నాయి.

ఒకటి, వాట్సాప్ లింక్‌లో మెసేజ్ తెలుగులో పెడదామంటే నొక్కినప్పుడు సగమే వస్తోంది, మిగతాది కట్ అయిపోతోంది అంటున్నాడు. రెండు, కస్టమర్లు రివ్యూలు రాసే సెక్షన్ పెడితే గూగుల్‌లో మన సైట్ కింద స్టార్లు కనపడతాయి అన్నాడు, నిజమేనా. మూడు, ఇదంతా పెట్టాక పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది, మళ్ళీ ఆ అనలిటిక్స్‌లో ఎంతమంది వచ్చారు అని చూసుకోవడమేనా.

---

పాతకాపు

రెండోదానికి నేను చెప్తా. మన బిజినెస్ గురించి మన సైట్‌లోనే మనం పెట్టుకునే రివ్యూలకి స్టార్లు చూపించడం గూగుల్ 2019 సెప్టెంబర్‌లోనే ఆపేసింది. కాబట్టి స్టార్ల కోసమైతే దండగ. గూగుల్ మ్యాప్స్‌లో మీ బిజినెస్ ప్రొఫైల్ ఉంటుంది కదా, పని అయిపోయాక కస్టమర్‌కి ఆ రివ్యూ లింక్ పంపండి, రాసినవాళ్ళకి, ముఖ్యంగా తిట్టినవాళ్ళకి, జవాబు రాయండి. సైట్‌లో మాత్రం కస్టమర్లు అడిగిన ప్రశ్నలు, మీ జవాబులు పెట్టండి, అది పది మందికి పనికొస్తుంది. ఎవరైనా రాసే డబ్బా పెడితే ముందు మీరు చూసి ఓకే అన్నాకే పైకి రావాలి, వచ్చిన టెక్స్ట్‌ని సర్వర్ దగ్గర శుభ్రం చెయ్యకుండా అలాగే చూపిస్తే ఎవడో ఒకడు అందులో స్క్రిప్ట్ పెట్టి పోతాడు.

---

సెమీకోలన్

మెసేజ్ సంగతి, టెక్స్ట్‌ని ఎన్‌కోడ్ చెయ్యకుండా, అంటే లింక్‌లో ఇమిడే రూపంలోకి మార్చకుండా, నేరుగా లింక్‌లో అతికించి ఉంటాడు. మధ్యలో అండ్ గుర్తో, హ్యాష్ గుర్తో ఉంటే అక్కడే తెగిపోద్ది. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్ అనే ఫంక్షన్ ఉంది, మెసేజ్ మొత్తం దాంట్లోంచి పంపిస్తే తెలుగైనా, కొత్త లైనైనా ఏమీ కాదు. నంబర్ కూడా కంట్రీ కోడ్‌తో మొదలవ్వాలి, ముందు ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో స్పేస్‌లు, డాష్‌లు ఏవీ ఉండకూడదు.

కొలవడం గురించి, ఎంతమంది వచ్చారన్నది వదిలెయ్యండి. ఎంతమంది ప్లస్ బటన్ ఒక్కసారైనా నొక్కారు, వాళ్ళలో ఎంతమంది వాట్సాప్ బటన్ దాకా వెళ్ళారు, ఈ రెండూ అనలిటిక్స్‌లో ఈవెంట్లుగా పెట్టించుకోండి. నొక్కినవాళ్ళే తక్కువంటే కాలిక్యులేటర్ కనపడట్లేదు, లేదా అది నొక్కేదని తెలీట్లేదు. నొక్కి, వాట్సాప్ దాకా రాకపోతే జవాబు అర్థం కాలేదు, లేదా నమ్మబుద్ధి కాలేదు. రెండింటికీ మందు వేరు. మైక్రోసాఫ్ట్ వాళ్ళది క్లారిటీ అని ఉచితంగా దొరుకుతుంది, జనం ఎక్కడ నొక్కుతున్నారో రికార్డింగ్‌లా చూడొచ్చు, ఏమీ జరగని చోట నొక్కినవి, కోపంతో టకటకా నొక్కినవి విడిగా చూపిస్తుంది. బొమ్మని బటన్ అనుకుని నొక్కుతున్నారంటే ఆ బొమ్మని బటన్ చేసేయండి, వాదించొద్దు. అది కూడా ఒక స్క్రిప్టే కాబట్టి కొన్నాళ్ళు పెట్టి చూసుకుని తీసేయండి, వాడుతున్నంత కాలం ప్రైవసీ పేజీలో ఆ సంగతి రాయండి.

---

వోల్ట్‌మీటర్

వాట్ల లెక్కలు, మోడల్ పేర్లు అన్నీ కోడ్ మధ్యలో ఇరికించొద్దని డెవలపర్‌కి చెప్పండి, ఒకే చోట టేబుల్‌లా పెట్టించుకోండి, మీరే మార్చుకునేట్టు. కంపెనీలు మోడల్స్ మారుస్తూనే ఉంటాయి, ఆగిపోయిన మోడల్‌ని కాలిక్యులేటర్ రికమెండ్ చేస్తుంటే మీ తమ్ముడికి మళ్ళీ ఫోన్లు మొదలవుతాయి.

---

ఇన్వర్టర్‌వాలా

ఇది మంచి పాయింట్, షీట్‌లో పెట్టించి తమ్ముడికే అప్పజెప్తా. పాత బ్యాటరీ ప్రశ్న మాత్రం ఎలా పెట్టాలో ఇంకా అర్థం కాలేదు, బ్యాటరీ చూడకుండా చెప్పలేం కదా?

---

వోల్ట్‌మీటర్

చెప్పలేం, చెప్పొద్దు కూడా. కొన్న నెల, సంవత్సరం, ఏహెచ్ అడగండి, బ్యాటరీ మీదున్న లేబుల్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి, "మా మనిషి వచ్చి టెస్ట్ చేసి చెప్తాడు" అని టైమ్ ఇవ్వండి. ఇన్వర్టర్ 24 వోల్టులదైతే ఒక్క బ్యాటరీతో నడవదు, రెండు కావాలి, ఆ ఒక్క ముక్క మాత్రం ఫోటో పెట్టకముందే స్క్రీన్ మీద కనపడేట్టు చూడండి.